కాఫీ గడువు

టోర్స్‌హావ్న్ రేవు వెనక, ఒకప్పటి ఉప్పుచేపల గోదాం
నేలమాళిగలో పదకొండు ర్యాకులు.
మా కంపెనీ మొత్తం అంతే.
బయట వాన నిలువుగా పడదు, అడ్డంగా కొడుతుంది.
లోపల ఫ్యాన్లది ఒకటే శ్రుతి.

ఇరవై రెండేళ్లు ఇక్కడ సర్వర్లు ఇచ్చినవాడు ట్రోండుర్.
ఫోను మోగితే చెవికీ భుజానికీ మధ్య ఇరికించి
"ఎంత మెమరీ? ఎందుకట?" అని ఆరా తీసి
చేపల వేలం చీటీ వెనక రాసుకునేవాడు.
మంగళవారానికి ఇచ్చేవాడు.
శుక్రవారం అడిగితే మంగళవారం.
బుధవారం అడిగినా మంగళవారమే.

ప్రతిదానికీ ఒక పేరు.
సాల్మన్ పెంచేవాళ్లది పొగమంచు,
పడవ టిక్కెట్లది కుంటి పొట్టేలు,
చర్చి గాయకబృందానిది అత్త,
ఊరికే దగ్గుతుంది గనక.

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది
ఆ మంగళవారాన్ని తీసెయ్యడానికి.
పోర్టల్ కట్టాలి.
కస్టమర్ తనే లాగిన్ అయి, తనే ఎంచుకుని,
బిల్లు తనే చూసుకుని మీట నొక్కితే
నలభై సెకన్లలో యంత్రం పుట్టాలి,
ఐపీ అడ్రసుతో, ఫైర్‌వాల్‌తో,
బొడ్డు కోసి స్నానం చేయించిన బిడ్డలా.

ఆరు వారాలు అతని పక్కన కుర్చీ వేసుకుని
అతని బుర్రలో ఉన్నది కోడ్‌లోకి తోడుకున్నాను.
"వీళ్లు రెండు అడిగితే?"
"మూడిస్తా. నవంబరులో మళ్లీ వస్తారుగా."
"అది రూలా?"
"కాదు. నవంబరు."
"డిస్కు నిండిపోతుంటే?"
"ఫోన్ చేసి తిడతా."
ఎనభై శాతం దగ్గర మెయిల్ వెళ్లాలి అని రాశాను.
తిట్టుకి ఏ గడీ దొరకలేదు.

"మరి తీసెయ్యమంటే?"

లేచాడు. కెటిల్ పెట్టాడు.
జవాబు రాలేదు, కాఫీ వచ్చింది.
కిటికీలోంచి ఎవరిదో పడవ
కట్టుకొయ్యకు తాడు విసరడం, అందకపోవడం,
మళ్లీ విసరడం చూస్తూ తాగాం.
మర్నాడు మళ్లీ అడిగాను. మళ్లీ కెటిల్.
మూడోనాడు గాని నా మట్టిబుర్రకు ఎక్కలేదు
అదే జవాబని.

"పదిమందిలో ఇద్దరు," అన్నాడు,
"కప్పు అడుగు కనబడకముందే మళ్లీ ఫోన్ చేస్తారు.
బేకరీ బైంటా ఒకసారి, భాగస్థుడి మీద మంటతో,
అంతా తుడిచెయ్యి అంది.
నేను కాఫీ తాగాను.
ఆ ఏటినుంచి ప్రతి క్రిస్మస్‌కీ రై రొట్టె పంపుతుంది,
రాయిలా ఉంటుంది, తింటాను."

మేనేజరుది వేరే లెక్క.
తొలగింపూ తక్షణమే జరగాలి,
ఖాళీ అయిన జాగా ఖాళీగా ఉంటే నష్టం.
సరేనన్నాను.
సరేనని, ఆ రాత్రి ఒక్క వాక్యం చేర్చాను.
మీట నొక్కగానే యంత్రం ఆగుతుంది,
తెరమీంచి మాయమవుతుంది, బిల్లూ ఆగుతుంది,
కానీ ఇరవై నాలుగు గంటలు చీకట్లో ఊపిరి బిగబట్టి ఉంటుంది.
ఆ వ్యవధికి పేరు కావాలి కదా, కాఫీ అని పెట్టాను.
కోడ్ సరిచూసిన కుర్రాడు ఇదేం పేరన్నాడు.
ట్రోండుర్‌ని అడుగు, అని పక్కనే వ్యాఖ్య రాశాను.

తెరిచిన మొదటి రాత్రి, మూడూ పన్నెండుకి,
క్లాక్స్‌విక్ నుంచి ఎవరో ఒకటి తీసుకున్నారు.
నలభై ఒక్క సెకన్లు.
ఎందుకట అని ఎవరూ అడగలేదు.
నంబరు నాలుగు వందల పదిహేడు.
పొద్దున ట్రోండుర్ వచ్చి తెర ముందు నిలబడ్డాడు,
కోటు మీంచి నీళ్లు కారుతున్నాయి.
"దీనికి పేరు లేదేం?"
ముద్దుపేరు అనే గడి పెట్టాను, తప్పనిసరి కాదు,
ఎవరూ నింపడం లేదు, అన్నాను.
కూర్చున్నాడు. ఒక వేలితో టైపు చేశాడు,
మూడుంబావు.

తర్వాత నా వాక్యం దాకా కిందికి జరిపి
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చదివాడు.
"ఇరవై నాలుగు గంటలా?
అంత పెద్ద కప్పు ఎక్కడ దొరికింది నీకు?"